మీ ఒక్కరికే అమ్మం: బాందా దీవుల్లో

సోమవారం, అంబోన్

అంబోన్ విమానాశ్రయానికి పట్టిమురా పేరు పెట్టారు. తిరుగుబాటుదారుడి పేరుతో స్వాగతం పలికే ఊరంటే నాకు మొదటి నుంచే గౌరవం. ఇండోనేషియాలోని మలుకు ప్రాంతానికి ఇది రాజధాని. మేము వెళ్ళవలసింది ఇక్కడికి ఆగ్నేయంగా, దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో నడిసముద్రంలో ఉన్న బాందా దీవులకు. 19వ శతాబ్దం దాకా ప్రపంచానికి అందిన జాజికాయ, జాపత్రి దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చింది. పడవ రేపు పొద్దున. అందుకని ఈ రోజు అంబోన్‌లోనే తిరిగాం.

నా వెంట మా బావగారు వచ్చారు. పెడనలో కలంకారీ అద్దకం ఆయన వృత్తి. చెక్క అచ్చులు, కరక్కాయ, ఎరుపు రంగుకు వాడే చిరివేరు తప్ప మరో లోకం పట్టదని మా అక్క అంటూ ఉంటుంది. అయినా ఈ ప్రయాణం మాట చెప్పగానే, "నువ్వు జాజికాయ కోసం వెళ్తున్నావు. మన తీరం బట్ట ఎక్కడి దాకా వెళ్ళిందో చూడటానికి నేనూ వస్తాను" అన్నారు. బందరులో డచ్ సమాధుల పక్కగా నడిచిన వాళ్ళకు డచ్ ఈస్టిండియా కంపెనీ కొత్త కాదు. వాళ్ళు మన తీరంలో కొన్న బట్టలు ఏ దేశానికి వెళ్ళాయో, అక్కడ ఏం జరిగిందో మాత్రం మాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

పట్టిమురా అసలు పేరు థామస్ మతులెస్సీ. నెపోలియన్ యుద్ధాల కాలంలో మలుకును ఆంగ్లేయులు పట్టుకున్నప్పుడు వాళ్ళ స్థానిక దళంలో సార్జంటు మేజరుగా పనిచేశాడు. 1817లో దీవులు తిరిగి డచ్చి వాళ్ళ చేతికి వచ్చాయి. వాళ్ళ వెనకే వెట్టి చాకిరీ, లవంగాల నిర్బంధ సరఫరా కూడా వచ్చాయి. ఆ ఏడు మే 16న సపరువా దీవి ప్రజలు పట్టిమురా నాయకత్వంలో డూర్‌స్టేడ్ కోటను పట్టుకున్నారు. డచ్ అధికారి వాన్ డెన్ బెర్గ్ ఆ దాడిలో చనిపోయాడు. ఏడాది తిరగకుండానే, డిసెంబరు 16న, పట్టిమురాను ఇదే అంబోన్‌లో ఉరి తీశారు.

కొండ మీద కరాంగ్ పాంజాంగ్‌లో మార్తా క్రిస్టినా తియాహహు విగ్రహం ఉంది. చేతిలో బల్లెం, చూపు సముద్రం వైపు. తండ్రితో కలిసి ఆ తిరుగుబాటులో పోరాడినప్పుడు ఆమెకు నిండా పద్దెనిమిదేళ్ళు లేవు. తండ్రిని చంపేసి, ఆమెను జావా తోటల్లో పనికి ఓడ ఎక్కించారు. ఓడ మీద తిండి, మందు ముట్టకుండా 1818 జనవరి 2న కన్నుమూసింది. దేహాన్ని బాందా సముద్రంలో వదిలారు. బావగారు విగ్రహం ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. పక్కన ఉన్న కాలేజీ పిల్లలు ఆయనను చూసి ఫోటోలు తీసుకోవడం ఆపేశారు.

మంగళవారం, తులేహు నుంచి నేరాకు

తులేహు రేవు నుంచి బాందా దీవుల ముఖ్య పట్టణమైన నేరాకు వేగంగా వెళ్ళే పడవలో ఐదారు గంటల ప్రయాణం. గాలి ఎక్కువైతే పడవ కదలదు. అక్టోబరులో సముద్రం శాంతంగా ఉంటుందని ఈ నెలే ఎంచుకున్నాం. వెళ్ళాలనుకునే వాళ్ళు అటూ ఇటూ రెండేసి రోజులు అదనంగా ఉంచుకోవడం మంచిది.

దారిలో బావగారికి బట్టల వ్యాపారం సంగతి చెప్పాను. బాందా దీవుల్లో జాజి చెట్లు ఉన్నాయి గానీ తిండి గింజలు పండవు. సాగో పిండి సెరామ్ వంటి చుట్టుపక్కల దీవుల నుంచి, బియ్యం జావా నుంచి, కట్టుకునే బట్ట గుజరాత్ నుంచి, మన కోరమండల్ తీరం నుంచి రావాలి. జావా, మలయ్, అరబ్బు, చైనా వర్తకులు అవన్నీ తెచ్చి, జాజికాయ పట్టుకెళ్ళేవారు. వందల ఏళ్ళుగా నడిచిన సంత ఇది. రాజు లేడు. ఒరాంగ్ కాయా అనే ఊరి పెద్దలు కూర్చుని బేరం తేల్చేవారు.

డచ్చి వాళ్ళు 1602లో కొందరు పెద్దల చేత ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. జాజికాయ ఇక తమకే అమ్మాలని దాని సారాంశం. సంతకం పెట్టని పెద్దలు ఎందరో ఉన్నారు. పెట్టిన వాళ్ళకు కూడా, ఈ ఉక్కపోత దీవుల్లో ఎవరికీ అక్కరలేని ఉన్ని బట్టలు తెచ్చే వాడికి పంటంతా అప్పగించి, బియ్యం తెచ్చే జావా వర్తకుడిని వెనక్కి పంపడం సాధ్యమయ్యే పని కాదు. అడిగిన వాడికల్లా అమ్మారు. దాన్ని డచ్చి వాళ్ళు ద్రోహం అన్నారు.

ఇక్కడ ఏ బట్ట చెల్లుతుందో డచ్ కంపెనీకి త్వరలోనే తెలిసింది. 1605, 1606 నాటికల్లా బందరులోనూ నిజాంపట్నంలోనూ గిడ్డంగులు పెట్టింది. 1610లో పులికాట్‌లో దిగింది. కోరమండల్ తీరం మలుకుకు ఎడమ చెయ్యి వంటిదని, ఆ బట్టలు లేకపోతే ఇక్కడ వర్తకం చచ్చిపోతుందని 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి రాశాడు.

"అంటే మన బట్ట చూపించి వీళ్ళ పంట లాక్కున్నారా?" అన్నారు బావగారు.

"కొన్నాళ్ళు అలా చూశారు. అది చాలలేదు, కత్తి తీశారు" అన్నాను.

మధ్యాహ్నానికి గునుంగ్ అపి కనిపించింది. నీటిలోంచి నిటారుగా లేచిన అగ్నిపర్వతం. 1988లో చివరిసారి పేలింది. దానికి ఎదురుగా, మధ్యలో సన్నని పాయ మాత్రమే ఉండేంత దగ్గరగా, నేరా పట్టణం. ఈ రేవు ఎంత అందంగా ఉందో చూస్తే, ఓడల వాళ్ళు దీన్ని ఎందుకు వదల్లేదో అర్థమవుతుంది.

బుధవారం, నేరా

పొద్దున్నే బెల్జికా కోట ఎక్కాం. 1611లో కట్టారు. ఐదు కోణాలు, మూలకో బురుజు. శుభ్రంగా బాగుచేసి ఉంచారు. పైనుంచి చూస్తే రేవు, అగ్నిపర్వతం, ఎదుటి లొంథోర్ దీవి, అటూ ఇటూ పడవల దారులు అన్నీ కనిపిస్తాయి. ఫిరంగులు మోహరిస్తే ఒక్క పడవ తప్పించుకోలేదు. కోట అందానికి మురిసిపోతున్న పర్యాటకులు చాలామంది కనిపించారు. నేను మాత్రం ఆ ఫిరంగుల మూతులు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తూ ఉండిపోయాను. పడమటి నుంచి వచ్చే శత్రువు మీదికి కొన్ని. ఊరి మీదికి కొన్ని.

దాని కిందే, సముద్రానికి దగ్గరగా, నస్సావు కోట. పోర్చుగీసు వాళ్ళు వేసి వదిలేసిన పునాదుల మీద 1609లో అడ్మిరల్ వెర్‌హోవెన్ దీన్ని మొదలుపెట్టాడు. తమ నేల మీద అడగకుండా కోట కడుతున్న ఆ అడ్మిరల్‌ను, మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, బాందా వాళ్ళు అతని మనుషులతో సహా చంపేశారు. ఆ దండులో ఇరవై రెండేళ్ళ వర్తకుడు ఒకడున్నాడు. పేరు యాన్ పీటర్‌జూన్ కోయెన్. యుద్ధం లేనిదే వర్తకం నడవదు, వర్తకం లేనిదే యుద్ధం నడవదు అని 1614లో కంపెనీ పెద్దలకు ఉత్తరం రాసింది అతనే. తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. అడ్మిరల్ హత్య జరిగిన పన్నెండేళ్ళకు, 1621లో, పెద్ద నౌకాదళంతో, పదహారు వందలకు పైగా సైనికులతో, జపాన్ నుంచి తెచ్చిన కిరాయి ఖడ్గధారులతో ఈ రేవులోకి తిరిగి వచ్చాడు.

మార్చిలో లొంథోర్ మీద దాడి చేశారు. పెద్దలు లొంగి, కోటలు కూల్చడానికి, ఆయుధాలు అప్పగించడానికి ఒప్పుకున్నారు. కోయెన్ మనుషులు సెలమోన్ ఊరి మసీదును తమ విడిది చేసుకున్నారు. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ మసీదులో వేలాడుతున్న దీపం ఒకటి తెగి పడింది. ఊరి వాళ్ళు దాడికి సైగ చేశారని అక్కడి అధికారి సోంక్ భయపడ్డాడు. చీకట్లో తుపాకులు పేలాయి. ఆ దీపమే సాకు. పెద్దలను పట్టుకుని, ఓడల్లో చిత్రహింసలు పెట్టి, కుట్ర చేశామని ఒప్పించారు.

మే 8న నస్సావు కోట బయట వెదురు దడి కట్టారు. 44 మంది పెద్దలను చేతులు కట్టి అందులోకి తోలారు. ముఖ్యులనుకున్న ఎనిమిది మందిని మొదట, మిగిలిన 36 మందిని తర్వాత, ఆరుగురు జపాన్ సైనికులు కత్తులతో నరికారు. తలలను, శరీర భాగాలను వెదురు కర్రలకు గుచ్చి నిలబెట్టారు. ఇది బాధితుల పక్షాన పుట్టిన కథ కాదు. అక్కడే నిలబడి చూసిన డచ్చి వాళ్ళే రాసి పెట్టారు. చావబోయే వాళ్ళలో ఒకరు డచ్ భాషలోనే, అయ్యలారా, దయ అనేదే లేదా అని అడిగారట. జవాబు రాలేదు.

ఊళ్ళు తగలబెట్టారు. కొండల్లోకి పారిపోయిన వాళ్ళు ఆకలితో, రోగంతో చనిపోయారు. పట్టుబడటం ఇష్టం లేక కొండ అంచుల నుంచి దూకిన వాళ్ళు ఉన్నారు. 789 మందిని, ముసలివాళ్ళను, ఆడవాళ్ళను, పిల్లలను, ఓడలెక్కించి బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, పంపారు. చరిత్రకారుల అంచనాలో, అంతకు ముందు ఈ దీవుల జనాభా దాదాపు 15,000. తర్వాత ఇక్కడ మిగిలింది వెయ్యికి అటూ ఇటూ. కంపెనీ డైరెక్టర్లు కోయెన్‌ను మెల్లగా మందలించారు. అంతకు మించి ఏమీ చేయలేదు. 1893లో అతని సొంత ఊరు హోర్న్‌లో విగ్రహం పెట్టారు. 2011లో ఒక క్రేను తగిలి అది కింద పడింది. వద్దన్న వాళ్ళ మాట వినకుండా మళ్ళీ నిలబెట్టారు. ఆ నిర్ణయం నాకు మింగుడు పడదు. విగ్రహం చరిత్రను గుర్తుచేస్తుందంటారు. చరిత్రను గుర్తుచేయాలంటే ఆ 44 మంది పేర్లు రాసి పెట్టవచ్చు.

నేరాలో ఆ పని చేశారు. పరిగి రంతె అనే బావి దగ్గర స్మారకం ఉంది. గోడ మీద పేర్లు వరుసగా చెక్కారు. మేము వెళ్ళేసరికి ఒక నడివయసు మనిషి అక్కడి రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. మేము పేర్లను మెల్లగా కూడబలుక్కుంటుంటే చీపురు ఆపి, తప్పు పలికిన చోటల్లా సరిదిద్దాడు. ఆఖరి పేరు దాకా మాతో చదివించాడు.

ఊళ్ళోని చిన్న మ్యూజియంలో ఆ రోజును చూపించే పెద్ద చిత్రం ఉంది. కత్తులు, రక్తం, దడి వెలుపల ఏడుస్తున్న స్త్రీలు. కళగా అది గొప్పదా కాదా అన్న ఆలోచనే రాలేదు.

గురువారం, లొంథోర్

నేరా నుంచి పావుగంట పడవ. రేవు నుంచి ఊళ్ళోకి పొడవాటి రాతి మెట్లు. ఎక్కగానే జాజి తోట. ఇంత చల్లని తోటను నేను చూడలేదు. పైన కెనారి చెట్లు, ఒక్కొక్కటి మహా వృక్షం, వేళ్ళు గోడల్లా నేల మీదికి పొడుచుకు వచ్చి ఉంటాయి. వాటి నీడలో మనిషికి మూడు నాలుగు రెట్ల ఎత్తులో జాజి చెట్లు. ఆకు నలిపితే వాసన.

తోట యజమాని, అరవై దాటిన రైతు, గాయ్‌గాయ్ చేతికిచ్చాడు. పొడవాటి వెదురు కర్ర, కొసన చిన్న బుట్ట, బుట్ట అంచున కొక్కెం లాంటి పళ్ళు. కాయ తొడిమను పళ్ళ మధ్య ఇరికించి లాగితే కాయ బుట్టలో పడుతుంది, నేల మీద పడి పగలదు. పండింది ఏదో కింద నుంచే తెలుస్తుంది, పండిన కాయ నిలువునా చీలి ఎర్రగా కనిపిస్తుంది. దోరజామ కాయంత పండు, పసుపు పచ్చని కండ. విప్పితే లోపల నల్లగా నిగనిగలాడే గింజ, దాన్ని వేళ్ళతో పట్టుకున్నట్టు అల్లుకున్న నెత్తుటి రంగు జాపత్రి. మన ఇళ్ళలో జాపత్రి అంటే ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగిన రేకలే. ఇంత ఎర్రగా ఉంటుందని నేను ఊహించలేదు. రైతు గోటితో దాన్ని కింద నుంచి పైకి, చిరగకుండా, ఒక్క ముక్కగా ఒలిచాడు. చేటలో పరిచాడు. జాపత్రి ఎండకు ఆరుతుంది. గింజ పెంకుతోనే వారాల తరబడి, సన్నని పొగ మీద, కదిపితే లోపల గలగలమనే దాకా ఎండాలి. అప్పుడు పెంకు పగలగొడితే మనం చంటిపిల్లలకు అరగదీసి నాకించే జాజికాయ.

బావగారు గింజ చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. "దీని కోసమా?" అన్నారు.

ఈ చెట్లకు యజమానులను మొత్తంగా మార్చేశాడు కోయెన్. చంపి ఖాళీ చేసిన నేలను పెర్కెన్ అనే 68 తోటలుగా కోసి, కంపెనీ మాజీ ఉద్యోగులకు, సైనికులకు పంచాడు. ఈ లొంథోర్‌లో 34, ఆయ్ దీవిలో 31, నేరాలో 3. పంట అంతా కంపెనీకే, కంపెనీ చెప్పిన ధరకే ఇవ్వాలి. పనికి ఒక్కో తోటకు పాతిక మంది చొప్పున బానిసలను ఇచ్చారు. ఆ బానిసలు ఎక్కడి వాళ్ళన్నది మమ్మల్ని నిలబెట్టేసింది. జావా, బూటోన్, కై దీవులు, గుజరాత్, మలబార్, కోరమండల్. పులికాట్ రేవు నుంచి డచ్ కంపెనీ వేల మందిని తూర్పు దీవులకు తరలించింది. 1620లలో మన తీరాన కరువు వచ్చినప్పుడు తిండికి లేక పిల్లలను, తమను తాము అమ్ముకున్న వాళ్ళు ఆ ఓడల్లో ఉన్నారు. అంటే మన తీరం నుంచి ఈ చెట్ల కిందికి వచ్చింది బట్ట ఒక్కటే కాదు.

బయటికి పోయిన గింజ మరోచోట మొలకెత్తకుండా గింజలను సున్నపు నీళ్ళలో ముంచేవారు. అయినా 1770 ప్రాంతంలో ఫ్రెంచి వాడు పియెర్ పువావ్ర్ మొక్కలను మారిషస్‌కు చేర్చాడు. 1796లో, మళ్ళీ 1810లో దీవులను పట్టిన ఆంగ్లేయులు మొక్కలను తమ వలసలకు తరలించారు. ఇప్పుడు కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దేశపు జెండా మీద జాజికాయ ఉంది. గుత్తాధిపత్యం పోయింది. దాని కోసం చనిపోయిన ఊళ్ళు తిరిగి రాలేదు.

హొలాండియా కోట శిథిలాల మీద ఇప్పుడు గడ్డి, తీగలు. అక్కడి నుంచి దిగివచ్చి ఊరి పవిత్ర బావిని చూశాం. ఎన్నో ఏళ్ళకొకసారి ఊరంతా కలిసి దాన్ని తోడి శుభ్రం చేస్తారట. ఇప్పుడు ఇక్కడ ఉన్న వాళ్ళలో చాలామంది ఆ బానిసల, కూలీల, ఖైదీల, వర్తకుల సంతానం. అయినా 1621 పెద్దలను తమ పూర్వీకులుగానే తలుచుకుంటారు, చకలెలె యుద్ధ నృత్యంలో వాళ్ళను స్మరిస్తారు. రక్తసంబంధం ఏదని అడిగే హక్కు మనకు లేదు. ఆ దుఃఖాన్ని వీళ్ళు మోస్తున్నారు, అది చాలు.

సాయంత్రం పడవలో బావగారు అన్నారు: "మన బందరు బట్టలు ప్రపంచమంతా వెళ్ళాయని మేము గొప్పగా చెప్పుకుంటాం. సులవేసిలో తొరాజా వాళ్ళు మన పాత అద్దకపు బట్టలను ఇంటి దైవంలా దాచుకున్నారని నువ్వే చూపించావు. ఆ మాట ఇక ముందు కూడా చెబుతాను. ఈ మాట కూడా కలిపి చెబుతాను." నేత నేసిన వాడికి ఆ బట్ట ఎక్కడికి పోతుందో తెలియదు. బయానా తీసుకుని కంపెనీ అడిగిన కొలతకు నేయడం మొదలుపెట్టాక, వాడి చేతిలో ఉన్న బేరమూ పోయింది. రెండు తీరాలనూ ఒక్క లెక్కల పుస్తకంలో పెట్టుకుని, ఒకరి శ్రమతో ఇంకొకరిని లొంగదీశారు.

శుక్రవారం

వాన. ప్రార్థనల రోజు కావడంతో మధ్యాహ్నం దాకా అంగళ్ళు మూతే. బస ఇచ్చిన ఇబు, అంటే ఇంటి అమ్మగారు, మాకోసం జాజి పండు వేసిన చేప పులుసు, కెనారి గింజలు నూరి పోసిన వంకాయ కూర వండింది. వంకాయ కూర బావగారు రెండోసారి అడిగి వడ్డించుకున్నారు.

శనివారం, ఆయ్, రన్

పొద్దున్నే చిన్న పడవ మాట్లాడుకుని పడమటి దీవులకు బయలుదేరాం. ముందు ఆయ్. 1615లో దాదాపు 900 మంది డచ్ దళం ఇక్కడ దిగి, ఆ రాత్రికే ఎదురుదాడి తట్టుకోలేక వెనక్కి పోయింది. మరుసటి ఏడాది ఇంకా పెద్ద దళంతో వచ్చి దీవిని గెలిచింది. తప్పించుకుని పక్కనున్న రన్ దీవికి పారిపోబోయి, సముద్రంలో మునిగి చనిపోయిన వాళ్ళు వందల్లో ఉన్నారు. గెలిచాక కట్టిన కోటకు ప్రతీకారం అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ గోడల మధ్య ఎవరో కూరగాయలు వేశారు.

రన్ దీవి గురించి ప్రపంచం చెప్పుకునే కథ ఒకటే: దీన్ని ఇచ్చి ఆంగ్లేయులు మన్‌హట్టన్ పుచ్చుకున్నారు. 1667 బ్రేడా ఒప్పందంలో ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళే ఉంచుకోవాలని నిర్ణయమైంది. రన్ డచ్చి వాళ్ళకు, మన్‌హట్టన్ మీది న్యూ ఆమ్‌స్టర్‌డామ్, అంటే ఇప్పటి న్యూయార్క్, ఆంగ్లేయులకు మిగిలాయి. చమత్కారంగా ఉంటుంది గనుక అందరూ చెబుతారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అందులో రెండు దీవుల్లోనూ మనుషులు లేరు. మన్‌హట్టన్‌లో లెనాపే ప్రజలు ఉండేవారు. రన్‌లో తమ జాజికాయను తమకు నచ్చిన వాడికి అమ్ముకోవాలనుకున్న జనం ఉండేవారు. డచ్చి వాళ్ళ నుంచి కాపాడితే చాలని, తమ దీవిని ఇంగ్లండు రాజు జేమ్స్‌కు అప్పగిస్తున్నట్టు పత్రం రాసిచ్చింది ఈ దీవి పెద్దలే. 1616 చివర వచ్చిన నథానియెల్ కోర్ట్‌హోప్ అనే ఆంగ్లేయుడు కొద్దిమందితో దాదాపు నాలుగేళ్ళు ముట్టడిని తట్టుకున్నాడని పుస్తకాలు రాస్తాయి. అన్నం పెట్టింది, పక్కన నిలబడింది ఎవరో మాత్రం రాయవు. 1620లో అతను చనిపోయాక ఆంగ్లేయులు వెళ్ళిపోయారు. ఈ జనానికి వెళ్ళడానికి చోటు లేదు. డచ్చి వాళ్ళు దీవి మీది జాజి చెట్లను నరికేశారు. బ్రేడాలో చేతులు మారింది చెట్లూ, ఊరి పెద్దలూ లేని దీవి.

ఇప్పుడు రన్‌లో ఒక ఊరు, మసీదు, బడి, మళ్ళీ నాటిన జాజి చెట్లు. వీధి అరుగుల మీద జాపత్రి ఆరబెట్టారు. వర్తకుడు ఎవరు వస్తే వాళ్ళకు అమ్ముతామని, ధర నచ్చకపోతే ఆపుకుంటామని ఒక రైతు చెప్పాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట వీళ్ళ ఊరి పెద్దలు అడిగిందీ అదే.

ఆదివారం, నేరా

ఇండోనేషియా స్వాతంత్ర్య నాయకులు మొహమ్మద్ హట్టా, సుతాన్ శ్యారీర్ ఇక్కడ 1936 నుంచి 1942 దాకా ప్రవాస శిక్ష అనుభవించారు. అంతకు ముందు పాపువాలోని బోవెన్ దిగుల్ శిబిరంలో ఉన్నారు. వాళ్ళకంటే ముందే చిప్తో మంగున్‌కుసుమో, ఇవా కుసుమసుమంత్రి అనే మరో ఇద్దరు జాతీయవాదులు ఇక్కడ ఉన్నారు. పాత కాలపు హత్యాస్థలాన్నే డచ్ ప్రభుత్వం కొత్త తిరుగుబాటుదారులకు జైలుగా వాడుకుంది. ఇదీ వాళ్ళ పొదుపు.

హట్టా ఇల్లు నాకు చాలా నచ్చింది. తనతో 16 పెట్టెల పుస్తకాలు తెచ్చుకున్నాడాయన. ఇంటి వెనక వసారాలో దీవి పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఆ బల్లలు ఇంకా ఉన్నాయి, పొట్టివి, మోకాళ్ళు తగిలేంతవి. స్వాతంత్ర్యం వచ్చే దాకా పెళ్ళి చేసుకోనన్న మనిషి, పరాయి పిల్లలకు లెక్కలు నేర్పుతూ ఆరేళ్ళు గడిపాడు. ఆ పిల్లల్లో ఒకడైన దెస్ అల్వి తర్వాత దౌత్యవేత్త అయ్యాడు. ఈ కోటలు, ఇళ్ళు ఇలా నిలిచి ఉండటంలో అతని శ్రమ చాలా ఉంది.

1927లో బ్రసెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సభలో హట్టా, నెహ్రూ కలిశారు. 1945 ఆగస్టులో హట్టా స్వతంత్ర ఇండోనేషియా ఉపాధ్యక్షుడు, ఆ తర్వాత మూడు నెలలకు శ్యారీర్ ప్రధాని అయ్యారు. 1946లో మన దేశం తిండి కొరతతో ఉన్నప్పుడు, శ్యారీర్ ప్రభుత్వం ఐదు లక్షల టన్నుల బియ్యం ఇస్తామని ముందుకొచ్చింది. తమ దేశం ఇంకా డచ్ దిగ్బంధంలో ఉండగానే. బదులుగా అడిగింది బట్టలు, వ్యవసాయ పనిముట్లు. 1947 జూలైలో డచ్చి వాళ్ళు మళ్ళీ దాడికి దిగినప్పుడు, నెహ్రూ అడిగితే, బిజూ పట్నాయక్ స్వయంగా విమానం నడిపి వెళ్ళి శ్యారీర్‌ను జావా నుంచి బయటికి తెచ్చాడు.

బియ్యానికి బట్ట అన్న మాట దగ్గర బావగారు నన్ను ఆపారు. "ఇది సరైన బేరం. మధ్యలో ఫిరంగి లేదు" అన్నారు.

సోమవారం, నేరా రేవు

పడవ ఆలస్యం. రేవు షెడ్డులో మా పక్కన కూర్చున్న పెద్దావిడ కై దీవుల మనిషి, ఊరు బాందా ఎలి. 1621లో పడవలెక్కి తూర్పుకు పారిపోయిన వాళ్ళ ఊరది. కై బెసార్ దీవిలో బాందా ఎలి, బాందా ఎలాత్ అని రెండు ఊళ్ళు ఆ పేరును ఉంచుకున్నాయి. అసలు బాందా భాష ఇప్పుడు ఈ దీవుల్లో వినిపించదు, ఇక్కడ మాట్లాడేది మలయ్. ఆ భాష బతికి ఉన్నది ఆ రెండు ఊళ్ళలోనే.

ఆమె నేరాకు బంధువుల పెళ్ళికి వచ్చింది. పరిగి రంతె దగ్గర పేర్లు చదివామని చెప్పాను. ఏ పేర్లు గుర్తున్నాయో చెప్పమంది. రెండు చెప్పగలిగాను. ఆమె తమ భాషలో ఒక పాట ఎత్తుకుని, పూర్వీకులు ఏ ఏ దీవుల దగ్గర ఆగుతూ కై చేరారో వరుసగా వినిపించింది. ఆమె మనవడు దాన్ని ఇండోనేషియన్‌లో చెబుతుంటే నేను రాసుకున్నాను. తుఆల్ దాకా విమానం ఉందని, అక్కడి నుంచి కై బెసార్‌కు పడవలు తిరుగుతాయని, సముద్రం నెమ్మదిగా ఉండే నెలలో రమ్మని అతనే వివరంగా చెప్పాడు. వచ్చే అక్టోబరుకు ఖాయం చేసుకున్నాం. పెడన నుంచి ఒక అద్దకపు చీర తీసుకురమ్మని ఆమె అడిగింది. వెల ఎంతో ముందే చెప్పమంది. బావగారు చెప్పారు, ఆమె బేరమాడింది.